శాంపిల్ తీసుకున్నోళ్ళు రిజల్ట్ కూడా తెచ్చివ్వాలి

హెల్త్ సర్వే అని చెప్పి పల్లెల్లోకి పోతే జనం అడిగే మొదటి మాట ఒకటే, "పోయినసారి రక్తం తీసకపోయినారే, దాంట్లో ఏం తేలింది సార్?" అని. జవాబు చెప్పేవాళ్ళు ఉండరు. అప్పుడు శాంపిల్ తీసుకున్నోళ్ళు వేరే, ఇప్పుడు వచ్చినోళ్ళు వేరే, పేపర్ ఎక్కడో జర్నల్లో ఇంగ్లీషులో అచ్చయి ఉంటుంది, రక్తం ఇచ్చిన మనిషికి మాత్రం తనకి షుగర్ ఉందో లేదో కూడా చెప్పి ఉండరు. ఇది అన్యాయం అని మేం సూటిగానే అంటున్నాం.

తిరుపతిలో సంస్థలకి కొదవ లేదు. 1960 నుంచి ఎస్వీ మెడికల్ కాలేజీ ఉంది, రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు, ఆయుర్వేద కాలేజీ ఉన్నాయి, 2015లో ఐఐటీ, ఐసర్ అనే సైన్స్ సంస్థ కూడా వచ్చినాయి. మరి ఇక్కడ జరిగే వైద్య పరిశోధనలో పేషెంట్లుగా లెక్కలోకి వచ్చేది ఎవరు? ఎక్కువగా ఓపీ దాకా రాగలిగినవాళ్ళే, అంటే బస్సు ఛార్జీ పెట్టుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని, చీటీ రాయించుకుని క్యూలో నిలబడగలిగినవాళ్ళు. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే యానాదులు, నగరి వైపు మరమగ్గాల మీద రాత్రి షిఫ్ట్ చేసేవాళ్ళు, తంబళ్ళపల్లె వైపు సుగాలి తండాల వాళ్ళు, కుప్పం నుంచి తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకి కూలికి పోయేవాళ్ళు, వీళ్ళందరూ ఎక్కడ?

వీళ్ళు లేకపోతే ఏమైంది, మనిషి ఒంట్లో రక్తం అందరికీ ఒకటే కదా అనొచ్చు. అన్నిట్లో ఒకటి కాదు. మన తెలుగువాళ్ళలోనే వైశ్యుల సంగతి చూడండి. ఆపరేషన్ టైంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది, వైశ్య కుటుంబాల్లో కొంతమందికి గంటల తరబడి దిగదు, సొంతంగా ఊపిరి తీసుకోలేక వెంటిలేటర్ మీద ఉండాల్సి వస్తుంది. ఆ మందుని విరగ్గొట్టే ఎంజైమ్ వాళ్ళ రక్తంలో తక్కువ, దానికి కారణమైన జన్యు మార్పు ఏదో కూడా మన దేశంలో జరిగిన పరిశోధనలోనే తేలింది, ఇప్పుడు ఒక రక్త పరీక్ష చేస్తే ముందే తెలిసిపోతుంది. ఆ కులం వాళ్ళని ప్రత్యేకంగా చూడబట్టే అది బయటపడింది. యానాదుల గురించి, సుగాలీల గురించి అట్లాంటిది ఏం తెలియాల్సి ఉందో, చూస్తేనే కదా తెలిసేది.

అట్లాగని ఎట్లాగోలా జనాన్ని పోగేసి సూదులు వేస్తే సరిపోదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాని 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి ఒక ప్రాజెక్ట్ కింద వేసినారు, అందులో గిరిజన హాస్టళ్ళ పిల్లలు చాలామంది. కొంతమంది పిల్లలు చనిపోయారు, వాటికి టీకా కారణం కాదని విచారణలో అన్నారు, టీకా కూడా మంచిదే, ప్రపంచమంతా వేస్తున్నారు. కానీ అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు పెట్టేసినారు. 2010లో ప్రాజెక్ట్ ఆపేసినారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ తల్లుల్ని ముందే కూర్చోబెట్టి వాళ్ళ మాటలో చెప్పి ఉంటే ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడే టీకా మీద అన్నేళ్ళు అంత అనుమానం ఉండేది కాదని మా నమ్మకం.

సరిగ్గా చేసిన పని మన పక్కనే ఉంది. చెన్నై దగ్గర పాములు పట్టే గిరిజనులు ఇరులర్లు, 1972 వన్యప్రాణి చట్టంతో పాము తోళ్ళ వ్యాపారం ఆగిపోయి బతుకుతెరువు పోయినవాళ్ళు, 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి విషం తీసి మళ్ళీ అడవిలో వదిలేస్తారు, ఆ విషంతోనే మన ఆసుపత్రుల్లో పాముకాటుకి వేసే మందు తయారవుతుంది. అక్కడ ఆ జనం శాంపిల్ కారు, పని తెలిసినవాళ్ళు, పనికి డబ్బు తీసుకునేవాళ్ళు. విషం గుణం ప్రాంతాన్ని బట్టి మారుతుందంటారు, మరి మన పొలాల్లో పాముల గురించి చదవాలంటే యానాది పెద్దమనిషి కంటే ముందు అడగాల్సినవాళ్ళు ఎవరుంటారు?

మదనపల్లె ఆరోగ్యవరం సంగతి కూడా మర్చిపోకూడదు, ఇప్పుడు జిల్లా వేరైనా అది మన చరిత్రే. 1950ల్లో క్షయ మీద, బీసీజీ టీకా మీద అక్కడి చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ళ తరబడి పని చేసినారు. జబ్బు బయటపడితే చూసే ఆసుపత్రి అక్కడే ఉంది, అది చాలా పెద్ద విషయం.

అందుకే ఇక్కడి సంస్థల్ని మేం కోరేది, పల్లెని చివర్లో కాకుండా మొదట్లోనే పిలవండి. ఏ జబ్బు మీద చదవాలో కూడా వాళ్ళని అడగండి. 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం ఎథిక్స్ కమిటీలో, అంటే పరిశోధనలో జనానికి అన్యాయం జరగకుండా ముందే చూసి అనుమతి ఇచ్చే కమిటీలో, కనీసం ఏడుగురు ఉండాలి, అందులో ఒకరు వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి అయ్యుండాలి, ఆ సీట్లో ఒక డ్వాక్రా సంఘం లీడర్నో తండా పెద్దనో కూర్చోబెట్టి కాగితాలు తెలుగులో చదివి వినిపించండి. నగరి, కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, అక్కడ సమ్మతి పత్రం తమిళంలో ఉండాలి, ముస్లిం వీధుల్లో ఉర్దూలో మాట్లాడే ఆడమనిషి ఉండాలి. శనక్కాయలు పెరికేటప్పుడు, మామిడికాయల సీజన్లో, గంగమ్మ జాతర వారంలో సర్వే పెట్టుకుంటే ఇళ్ళకి తాళాలే కనపడతాయి, ఈ మాట ఊరి ఆశా అక్క ఒక్క నిమిషంలో చెప్తుంది. ఆ అక్కకి ఇప్పటికే నెత్తినిండా పని, రీసెర్చ్ పని కూడా ఊరికే చేయించుకోకుండా రోజుకింత అని ఇవ్వండి, పేపర్లో ఆమె పేరు వేయండి. విరిగిన చేతికి పుత్తూరు కట్టు కట్టించుకునేవాళ్ళు ఈ రోజుకీ ఉన్నారు, వాళ్ళని తిట్టే ముందు ఆ నమ్మకం ఎట్లా వచ్చిందో వాళ్ళనే అడగండి.

ఇంక ఆ రిజల్ట్. ఎవరి షుగర్ ఎంతో, ఎవరి బీపీ ఎంతో వాళ్ళ చేతికి ఒక చీటీ రావాలి, ఎక్కడికి పోయి చూపించుకోవాలో దాంట్లో రాసుండాలి, మొత్తం మీద ఏం తేలిందో, పేర్లు లేకుండా, రచ్చబండ దగ్గర చెప్పాలి. ప్రాజెక్ట్ బడ్జెట్లో ఫ్రీజర్‌కి, కిట్లకి, లాప్‌టాప్‌కి లైన్ ఉంటుంది, మళ్ళీ ఆ పల్లెకి తిరిగిపోయే జీపు డీజిల్‌కి కూడా ఒక లైన్ రాసుకోండి, అది లేని ప్రపోజల్‌కి ఎథిక్స్ కమిటీ సంతకం పెట్టకూడదు.