మహారాజశ్రీ పాత వైన్ సీసా గారికి

మహారాజశ్రీ ఫ్రాన్స్ దేశపు బోర్డో వాస్తవ్యులు, 2005 పంట రెడ్ వైన్ సీసా గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ, తమరి కుశలం సంగతి మొన్న రాత్రే తేలిపోయింది కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

ఇంట్లో ఎవరికీ జరగని మర్యాద తమరికి జరిగింది. బిరడా ఎండిపోకూడదని పక్కకి పడుకోబెట్టాం. చీకటి, 12-13 డిగ్రీల చల్లదనం, ఆ వైపు ఎవరూ దబదబా నడవకూడదు. మా నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు కూడా ఇంత నిశ్శబ్దం పాటించలేదు.

ఏ శుభకార్యానికి తీద్దామన్నా, తెలిసినవాళ్లు తమరికి ఇంకా వయసు రాలేదనేవారు. నాకు ప్రమోషన్ వచ్చింది. వగరు పుట్టించే టానిన్లు ఇంకా మెత్తబడలేదన్నారు. అమ్మాయి పుట్టింది. ఇంకో ఐదేళ్లు ఆగమన్నారు. ఆ పిల్ల ఇప్పుడు నాకే సలహాలు చెబుతోంది. అసలు లోకంలో తయారయ్యే వైన్లలో చాలావాటికి ఈ తద్దినమే ఉండదు. ఏడాదికో రెండేళ్లకో తాగేస్తారు, గొడవ వదిలిపోతుంది.

చివరికి పాత స్నేహితులు ఏడుగురు కలుస్తున్నారంటే ముహూర్తం పెట్టాం. మడ్డి అడుక్కి దిగాలని ముందురోజే తమరిని నిలబెట్టాను. తీసేటప్పుడు బిరడా సగానికి విరిగింది. మిగతా సగాన్ని, పక్కల నుంచి దిగే రెండు రేకుల ఓపెనర్‌తో, పసిపిల్లాడి పన్ను పీకినట్టు లాగాను. మెడ వెనక కొవ్వొత్తి పెట్టి, మడ్డి కనబడగానే వంచడం ఆపేశాను. అది పోగా ఎనిమిది మందికి తలా 90 మిల్లీలీటర్లు కూడా రాలేదు.

రంగు మాత్రం చూడముచ్చటగా ఉంది, అంచున ఇటుక రంగు తిరిగి. అందరం గ్లాసులు తిప్పాం. "తోలు వాసన," అన్నాడొకడు. "పొగాకు," అంది ఇంకొకావిడ. "వాన వెలిశాక అడవి," అన్నాడు మూడోవాడు. నాకు తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. మళ్లీ ముక్కు పెట్టాను. అట్టపెట్టే.

దీనికి కారణం టీసీఏ అనే పదార్థం. బిరడాలోంచి దిగుతుంది. లీటరుకి కొన్ని నానోగ్రాములు చాలు, పండు వాసన మొత్తం చచ్చిపోవడానికి. ఒంటికి హాని చెయ్యదు, పరువుకే. ఇన్నేళ్లు దాచాడు పాపం అని వాళ్లు, ఇంత పొగిడారు పాపం అని నేను, ఎవరం నోరు విప్పలేదు. ఒకడైతే కళ్లు మూసుకుని "చాలా లోతుంది" అన్నాడు. గ్లాసులో ఉన్నది రెండు వేళ్లు.

ఆ తర్వాత ఎవరో తెచ్చిన నిరుటి వైన్ తీశాం. మర తిప్పితే వచ్చే మూత. పది నిమిషాల్లో ఖాళీ. దాని మీద ఎవరూ ఒక్క విశేషణం కూడా ఖర్చు పెట్టలేదు. కాలేజీ నాటి అప్పు ఎవరు ఎవరికి బాకీ అన్న గొడవలో పడిపోయాం.

తమరితో ఒకే పెట్టెలో వచ్చిన తమ్ముడుగారు ఇంకా లోపల పడుకునే ఉన్నారు. వేరే బిరడా, వేరే జాతకం. వచ్చే శనివారం తీస్తున్నాం. ఆ రోజు ఏ శుభకార్యమూ లేదు. అట్టపెట్టె వాసన వస్తే మొదట అరిచేది నేనే.

ఇట్లు,
తమరి మాజీ కాపలాదారు