పైత్యరసం మురికి కాదు, ఆ పచ్చ ఉండలు రాళ్లూ కావు

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పైత్యరసం లివర్ వదిలే మురికి. పేగు గోడలకు పట్టి, రక్తంలోకి ఇంకి విషమవుతుంది. రాత్రి ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగితే తెల్లారేసరికి ఆ మురికీ, పిత్తాశయంలో రాళ్లూ బయటికి పోతాయి" అని. మా పిన్ని నమ్మి తాగింది. ఆమె కోసం మొదలుపెట్టిన జవాబే ఇది.

ముందుగా "మురికి" అన్న మాట. పైత్యరసంలో బిలిరుబిన్ లాంటి పారేయాల్సిన పదార్థాలు ఉన్నమాట నిజమే. కానీ అందులో ముఖ్యమైనవి బైల్ యాసిడ్లు. వాటిని లివర్ కొలెస్ట్రాల్ నుంచి పనిగట్టుకుని తయారుచేస్తుంది. జిడ్డు కడాయి మీద సబ్బు చేసే పనే ఇవి పేగులో చేస్తాయి. ఇవి లేకపోతే నెయ్యి, నూనె సరిగ్గా అరగవు, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు.

ఇక "రక్తంలోకి ఇంకుతుంది" అన్నది. రక్తంలోకి వెళ్లడం నిజం, విషమవడం అబద్ధం. లివర్ ప్రతి బైల్ యాసిడ్‌కూ గ్లైసిన్ గానీ టారిన్ గానీ జోడించి పంపుతుంది. దాంతో దానికి రుణావేశం, అంటే నెగటివ్ చార్జ్, వస్తుంది. కణాల పొర కొవ్వుతో కట్టింది కాబట్టి ఆవేశమున్నది దాన్ని సులువుగా దాటలేదు. అందుకే కొవ్వు అరిగేదాకా చాలావరకు పేగులోనే ఉంటుంది. చిన్నపేగు చివర, ఇలియంలో మాత్రం కణాల మీద ఏఎస్‌బీటీ అనే ప్రోటీన్ కాచుకుని ఉంటుంది. బయట సోడియం ఎక్కువ, కణం లోపల తక్కువ. ఆ తేడానే బలంగా వాడుకుని, రెండు సోడియం అయాన్లతో పాటు ఒక బైల్ యాసిడ్‌ను లోపలికి లాగుతుంది. సబ్బు గుణమున్నది కణంలో విడిగా తిరిగితే పొరలకే చేటు. అందుకని లోపల ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. అవతలి వైపు ఓఎస్‌టీ అనే మరో ద్వారం గుండా అది పోర్టల్ సిరలోకి, అక్కణ్నుంచి తిన్నగా లివర్‌కే చేరుతుంది. ఇంత ముచ్చటైన ఏర్పాటును "మురికి ఇంకడం" అంటే నాకు బాధేస్తుంది.

ఒంట్లో ఉండే బైల్ యాసిడ్లు దాదాపు 3 గ్రాములే. అవే రోజుకు చాలాసార్లు తిరుగుతాయి. ప్రతి చుట్టులో 95 శాతం దాకా వెనక్కి వస్తాయి. పెద్దపేగు దాకా జారినవాటిలో కొన్నిటి గ్లైసిన్, టారిన్‌లను బాక్టీరియా ఊడగొడుతుంది. అలాంటివి ఏ ప్రోటీన్ సాయం లేకుండానే పొర దాటగలవు. రోజుకు అర గ్రాము దాకా మలంలో పోతే, ఆ లోటును లివర్ పూడుస్తుంది.

"అంతా కడిగేయాలి" అనేవాళ్లు ఇలియం తీసేసిన రోగుల సంగతి తెలుసుకోవాలి. వాళ్లలో బైల్ యాసిడ్లు పెద్దపేగులోకి పోయి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. ఏఎస్‌బీటీని కావాలని మూసే మందు కూడా ఉంది, ఒడెవిక్సిబాట్. పీఎఫ్ఐసీ అనే అరుదైన లివర్ జబ్బున్నవాళ్ల కోసం 2021లో అమెరికా, యూరప్‌లలో అనుమతి వచ్చింది. దాంతో తరచూ వచ్చే ఇబ్బంది విరేచనాలే.

చివరిగా, రాళ్లు. పిన్ని మలంలో పడిన బఠాణీ గింజలంత పచ్చటి ఉండలు డబ్బాలో దాచి చూపించింది. ఒకదాన్ని వేడి నీళ్ల గ్లాసులో వేశాను. పది నిమిషాల్లో కరిగి పచ్చటి జిడ్డు పైకి తేలింది. పిత్తాశయంలో రాయి అలా కరగదు. 2005లో లాన్సెట్ పత్రికలో న్యూజిలాండ్ పరిశోధకులు ఇదే రాశారు. నూనె, నిమ్మరసం తాగిన ఒకామెకు పడిన ఉండల్లో కొలెస్ట్రాల్, బిలిరుబిన్, కాల్షియం ఏవీ లేవు. ఉన్నది ఎక్కువగా కొవ్వు ఆమ్లాలే. తాగిన నూనె పేగులో సబ్బుగా గడ్డకట్టిందన్నమాట.

అసలు భయం వేరే. ఒకేసారి అంత నూనె పడితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది. లోపల రాయి ఉంటే జారి పైత్యరసం పేగులోకి పోయే నాళంలో ఇరుక్కోవచ్చు. కామెర్లు, క్లోమం వాపు దాకా పోవచ్చు. పిన్నికి అంతకుముందు స్కాన్‌లో రెండు రాళ్లు కనిపించాయి. మొన్న మళ్లీ తీయిస్తే ఆ రెండూ అక్కడే ఉన్నాయి.