సవరణ: మోడల్ స్కూల్ డిజైన్ అంటే మక్కీకి మక్కీ కాదు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ స్కూల్ భవనాల గురించి, అక్కడ ఒకసారి కట్టిన స్కూల్ డిజైన్‌ని మళ్లీ వాడుకునే "మోడల్ స్కూల్" పద్ధతి గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి, సరిచేస్తున్నా. ఖర్చంతా రాష్ట్రమే పెట్టుకుంటుందని రాశాను, అది కరెక్ట్ కాదు. స్కూల్ భవనాలకి డబ్బు సాయం చేయడానికి రాష్ట్రం 2004లో పెట్టిన సంస్థ, మసాచుసెట్స్ స్కూల్ బిల్డింగ్ అథారిటీ, తను ఒప్పుకున్న ఖర్చుల్లో వాటా మాత్రమే ఇస్తుంది, ఆ వాటా 31 శాతం నుంచి మొదలై, ఆదాయం తక్కువున్న ఊళ్లకి పెరుగుతూ 80 శాతం దగ్గర ఆగిపోతుంది. ఈతకొలను లాంటివి లెక్కలోకే రావు. మిగతాది ఊరివాళ్లే కట్టుకోవాలి, చాలా చోట్ల ఓటింగ్ పెట్టి మరీ పన్ను పెంచుకుంటారు, ఈ ముక్క వదిలేయడం నాది పెద్ద పొరపాటే ఎందుకంటే చాలా ప్రాజెక్టులు ఆగేది ఇక్కడే.

రెండోది, ఒకే ప్లాన్ ఎక్కడైనా దించేయొచ్చు ఆర్కిటెక్ట్‌తో పని లేదు అన్నాను. లేదండీ. ఆ రాష్ట్రంలోనే న్యూటన్ నార్త్ హైస్కూల్ కట్టడానికి ఖర్చు దాదాపు 20 కోట్ల డాలర్లకి చేరి గొడవైన రోజుల్లోనే ఈ మోడల్ స్కూల్ పద్ధతి వచ్చింది, ఈమధ్య కట్టి బాగా నడుస్తున్న స్కూల్ డిజైన్‌ని తీసుకుని దాని ఆర్కిటెక్టే కొత్త స్థలానికి తగ్గట్టు మారుస్తారు. క్లాస్‌రూములు, జిమ్ లేఅవుట్ మళ్లీ మొదట్నుంచి గీయక్కర్లేదు కాబట్టి టైమూ ఫీజూ కలిసొస్తాయి, కానీ పునాది, డ్రైనేజీ, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది అనేవి ఏ స్థలానికి ఆ స్థలమే, అక్కడ కాపీ కుదరదు. పాత పోస్ట్ షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జతచేయండి.