‘ముందో కోర్సు వాడి చూద్దాం’ గారికి

హన్మకొండ,
అమ్మ గోలీలు ఆపిన తొమ్మిదో రోజు

మహారాజశ్రీ ‘ముందో కోర్సు వాడి చూద్దాం’ గారికి,

నమస్కారాలు. మీ క్షేమం అడగాల్సిన పని లేదు, మీరెప్పుడూ బాగానే ఉంటారు, బాగోలేనిది మీ చేతిలో పడ్డవాళ్లకే. కాజీపేట నుంచి పరకాల దాకా మీరు తొక్కని గడప లేదు. జలుబుకు మీరే, పంటి నొప్పికి మీరే, కాలు వాచినా మీరే. చీటీ అడగరు, ఓపీ ఫీజు అసలే అడగరు. ఐదు రోజుల యాంటీబయాటిక్ గోలీలు కాగితం కవర్లో వేసి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని దాని మీద పెన్నుతో గీతలు గీసి ఇస్తారు. మేడారం తల్లులు కూడా ఇంత సులువుగా దొరకరు, అక్కడికి పోవాలంటే కనీసం బెల్లమన్నా మోయాలి.

నేనెవరో మీకు తెలియకపోవచ్చు గానీ మీరెవరో నాకు పదకొండేళ్లుగా తెలుసు. ఇక్కడే ఒక ల్యాబులో కల్చర్ సెక్షన్లో పనిచేస్తా. చీము, మూత్రం, రక్తం, మోకాల్లోంచి తీసిన నీళ్లు, ఏవి వచ్చినా ప్లేట్ల మీద గీసి, 37 డిగ్రీల వేడిలో పెట్టి, మర్నాడు పొద్దున తలుపు తీసి ఏం మొలిచిందో చూడటం నా ఉద్యోగం. విత్తనం పెట్టి మొలక కోసం చూసే రైతు పనే అనుకోండి, కాకపోతే నా చెలకలో మీరు ముందే గడ్డిమందు కొట్టి పోతారు. నేను ‘నో గ్రోత్’ అని రిపోర్టు ఇస్తే ఇంటివాళ్లు దాన్ని కళ్లకద్దుకుని, ఇన్ఫెక్షన్ లేదట, దేవుడు చల్లగ చూసిండు అంటూ మెట్లు దిగిపోతారు. నేను రాసింది మొలవలేదని. లేదని ఎక్కడ రాశాను?

ఇన్నాళ్లూ అవి ఊరివాళ్ల సీసాలు కాబట్టి టీ తాగుతూ మిమ్మల్ని తిట్టుకుని ఊరుకున్నా. మొన్న వచ్చిన సీసా మీద మా అమ్మ పేరుంది.

పద్నాలుగు నెలల కింద అమ్మకు కుడి మోకాలు మార్చారు. బాగా నడిచింది. బతుకమ్మకు వంగి చప్పట్లు కొట్టలేకపోయినా నిలబడే రెండు చుట్లు తిరిగింది. పండుగ అయిన పది రోజులకు, మోకాలు వెచ్చగుంది చూడురా అని నా చెయ్యి పట్టి పెట్టుకుంది. నిజంగానే రెండో మోకాలు చల్లగా ఉంది, ఇది మాత్రం ఇప్పుడే కాఫీ పోసిన స్టీలు గ్లాసులా ఉంది. జ్వరం లేదు. ఎడమ మడమ పగుళ్లలో ఒకటి ఎర్రబడి చీము పట్టి ఉంది, దాన్ని ఎవరం పట్టించుకోలేదు, మడమ పగుళ్లు లేని ఆడవాళ్లు మా ఇంట్లో ఎవరున్నారు గనక.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి కోర్సు తెచ్చింది నేనే. పదకొండేళ్లు మిమ్మల్ని తిట్టినవాణ్ని, ఆ రాత్రి డ్యూటీ నుంచి వస్తూ చౌరస్తాలో బండి ఆపి, ఐదు రోజులకు ఇవ్వన్నా అని అడిగి తెచ్చా. మర్నాడు ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గర మోకాల్లో నీళ్లు తీయిస్తే సరిపోయేది. కానీ సూది అంటే అమ్మకు భయం, నాకు సెలవు దొరకదు, మీరేమో పక్కనే ఉన్నారు.

తగ్గింది. అదే మీ గొప్పతనం, ప్రతిసారీ తగ్గుతుంది. పది రోజులకు మళ్లీ వాచింది. చిన్నమ్మ వాళ్ల ఊర్లో ఆర్‌ఎంపీ సారు రెండు సూదులు, వారం రోజుల లెవోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు, మళ్లీ తగ్గింది, మళ్లీ వాచింది. మూడో కోర్సు ఎవరి సలహానో ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

ఎందుకు తగ్గి, ఎందుకు తిరిగొస్తుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. భద్రకాళి చెరువు మెట్ల మీద పాచి చూసే ఉంటారు. బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరించినా పైన తేలేది కొట్టుకుపోతుంది, పాచి మాత్రం రాయిని పట్టుకునే ఉంటుంది, గోకితే తప్ప రాదు. మోకాల్లో పెట్టిన లోహం మీద, ప్లాస్టిక్ మీద బ్యాక్టీరియా చేసేది అదే పని. అతుక్కుంటుంది, జిగురు అల్లుకుంటుంది, దాని కింద సగం నిద్రలో బతుకుతుంది. బయోఫిల్మ్ అంటారు. బయట తేలే క్రిమిని చంపే మోతాదుకు వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఎక్కువ మందును అది తట్టుకుంటుంది. అంటే మీరు మా అమ్మ మోకాల్లో తేలే నాలుగు క్రిములను చంపి, వాపు తగ్గించి, శాలువా కప్పించుకుని వెళ్లారు. పాచి అక్కడే ఉంది. పైగా నా సీసాలోకి వచ్చేవి ఆ తేలే నాలుగే! గోడకు అంటుకున్నవి సూదితో నీళ్లు లాగితే రావు. తేలేవాటినీ మీరు ముందే ఊడ్చేస్తే నా ప్లేటు మీద ఏం మొలవాలి, మీ ఫొటోనా?

లోహం ఉన్నచోట క్రిములు కూడా ఎక్కువ అక్కర్లేదు. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు, ముందుకొచ్చిన మనుషుల చర్మంలోకే స్టాఫిలోకాకస్ అనే చీము పట్టించే క్రిమిని ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పట్టడానికి లక్షల్లో క్రిములు కావాల్సి వచ్చింది, అదే చోట ఒక పట్టు కుట్టుదారం ఉంటే వందల్లో చాలింది. ఒక్క దారప్పోగుకే అంత తేడా వస్తే, అరచేతి నిండా లోహం, సిమెంటు పెట్టుకున్న మోకాలి సంగతి మడమ పగులులోని చీముకు మాకంటే బాగా తెలిసినట్టుంది.

సరే, చివరికి సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు రక్తం పరీక్షలు రాశాడు. వాపు జాడ చెప్పే ఈఎస్ఆర్ 58, సీఆర్‌పీ 24. సీఆర్‌పీ అంటే ఒంట్లో ఎక్కడైనా మంట రాజుకుంటే కాలేయం వదిలే ప్రొటీన్, 10 దాటిందంటే మార్చిన మోకాలిని అనుమానించాల్సిందే. ఆపరేషన్ అయిన రెండో మూడో రోజు అందరికీ అమాంతం పెరుగుతుంది, కొన్ని వారాల్లో మామూలుకొస్తుంది. పద్నాలుగు నెలలకు దానికి పెరగాల్సిన పని లేదు. మా నాన్నకు నమ్మకం చాలక ఇంకో ల్యాబులో చేయించాడు. అక్కడ 2.4 వచ్చింది. ఇరవై నాలుగు కాస్తా రెండున్నరకు దిగింది, మూడో కోర్సు పనిచేసింది అని చిన్నమ్మకు ఫోన్ చేసి, మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేను డ్యూటీ నుంచి వచ్చి, బజ్జీ తింటూనే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశా. మొదటిది లీటరుకు మిల్లీగ్రాములు, రెండోది డెసిలీటరుకు మిల్లీగ్రాములు. లీటరుకు పది డెసిలీటర్లు. రెండూ ఒకటే అంకె! నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, బజ్జీలు మాత్రం బాగున్నయి అన్నాడు.

ఆ తర్వాత తీశారు నీళ్లు. మైక్రోలీటరుకు తెల్ల కణాలు 4,200, అందులో క్రిములతో ముందుగా కొట్లాడే న్యూట్రోఫిల్స్ 84 శాతం. మా ల్యాబులో కొత్త కుర్రాడు చూసి, యాభై వేలు లేదు కదన్నా, సెప్టిక్ కాదు అన్నాడు. వాడి తప్పు లేదు, సొంత మోకాలికి నేర్పే లెక్క అది, అక్కడ కూడా యాభై వేలకు తక్కువుంటే నిశ్చింతగా పడుకోమని కాదు. లోపల లోహం ఉండి, ఆపరేషన్ అయి నెలలు గడిచిన మోకాలికి లెక్క వేరు, 3,000 కణాలు, 80 శాతం న్యూట్రోఫిల్స్ దాటితే చాలు, గంట కొట్టాలి. 2018లో పెట్టుకున్న పాయింట్ల పద్ధతి ఒకటుంది. సీఆర్‌పీకి 2, ఈఎస్ఆర్‌కు 1, కణాలకు 3, న్యూట్రోఫిల్స్‌కు 2. ఆరు వస్తే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే. అమ్మకు ఎనిమిది వచ్చాయి. డిగ్రీలో నాకెప్పుడూ ఇంత మంచి మార్కులు రాలేదు.

కల్చర్ మాత్రం నో గ్రోత్. రిపోర్టు మీద సంతకం నాదే. దొంగ ఇంట్లో ఉన్నాడని రుజువైంది, పేరు, ఊరు, మొహం ఏవీ తెలియవు, ఎందుకంటే వేలిముద్రలన్నీ మీరు తడిగుడ్డ పెట్టి తుడిచేశారు.

పేరు తెలియకపోతే ఏమైంది, ఇంకో పెద్ద కోర్సు ఇవ్వండి అంటారు మీరు. అక్కడికే వస్తున్నా. మడమ చీములాంటి చోటి నుంచి రక్తంలో పడి కీలు చేరిన ఇన్ఫెక్షన్ని సుమారు మూడు వారాల్లోపు పట్టుకుంటే, చాలామందికి మోకాలు తెరిచి కడిగి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క మార్చి, లోహాన్ని కాపాడుకునే అవకాశం ఉంటుంది. మీ మూడు కోర్సులూ పూర్తయ్యేసరికి ఏడో వారం నడుస్తోంది. ఇప్పుడు మొత్తం ఊడదీయాలి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్ద పెట్టాలి, ఆరు వారాల మందులు, ఆ తర్వాత మళ్లీ కొత్తది. ఆ సిమెంటు గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, ఆ వేడికి చెడిపోని మందే కలపాలి, అదీ ఈ క్రిమిని చంపేదై ఉండాలి. పేరు తెలియకుండా ఏది కలుపుతారు, జీడిపప్పా? అందుకే సర్జన్ గారు అన్ని గోలీలూ ఆపించారు, కనీసం రెండు వారాలు. జ్వరం లేదు, బీపీ బాగుంది కాబట్టి ఆపగలిగారు, అదీ రోజూ టెంపరేచర్ రాసి పంపమని చెప్పి. ఇది చదివి ఎవరూ సొంతంగా ఆపొద్దు, అది మళ్లీ మీ తమ్ముడి పని అవుతుంది.

మీరు పనికిమాలినవారని నేను అనడం లేదు. చలిజ్వరంతో మోకాలు ఉబ్బి, కాలు కదపలేని పిల్లాడొస్తే రెండు వారాలు ఎవరు ఆగుతారు? కీలు లోపలి పొరకు అడ్డుగోడలాంటి పొర లేదు, రక్తంలో క్రిమి తేలిగ్గా దూరిపోతుంది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, ఒకసారి తినేస్తే తిరిగి పెరగదు, ఆ తినడం గంటల్లోనే మొదలవుతుంది. అప్పుడు ఆపరేషన్ థియేటర్, మందు, అన్నీ ఆ రోజే కావాలి. అప్పుడైనా సూదితో నీళ్లు ముందు, మీరు వెనక. మధ్యలో పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఆగలేరా మీరు?

మీ చుట్టాల గురించి కూడా రెండు మాటలు. లెవోఫ్లోక్సాసిన్ టీబీ క్రిమిని చంపీ చంపకుండా కొంతకాలం అణచిపెడుతుంది, కాబట్టి కీళ్ల టీబీ ఉన్నవాళ్లకు కూడా మీ వారం రోజుల మహిమతో కాస్త బాగై, జబ్బు బయటపడటం నెలలు వెనక్కి పోతుంది. ఇక ‘ఏదో ఒకదాంట్లో వేసి పంపు’ గారు. నీళ్లను బ్లడ్ కల్చర్ బాటిల్‌లో పోస్తే పట్టుబడే అవకాశం పెరుగుతుంది, కణాల లెక్కకు ఊదా మూత ట్యూబు కావాలి, లేకపోతే గడ్డకడుతుంది. మాకు వచ్చేవి ఎండిపోయిన దూది పుల్లలు. ఒకసారి ఆపరేషన్లో తీసిన ముక్క ఫార్మలిన్‌లో వచ్చింది, కల్చర్ చేయమని. మామిడికాయ ఆవకాయ పెట్టి, ఇప్పుడు టెంక మొలకెత్తించు అన్నట్టు. ‘రెండ్రోజుల్లో రిపోర్టు ఇయ్యి’ గారికి కూడా నమస్కారాలు చెప్పండి, మార్చిన కీళ్లలో కొన్ని క్రిములు బద్ధకపువి, పద్నాలుగు రోజులు పెడితే గాని తల ఎత్తవు.

ఈ తొమ్మిది రోజుల్లో మా ఇంటికి పదహారు మంది వచ్చారు. అందరూ అరటిపండ్లు తెచ్చారు, పండ్లతో పాటు మిమ్మల్నీ తెచ్చారు. ఒకాయన జేబులోంచి గోలీ తీసి, నా మోకాలికి గిదే పనిచేసింది వదినా అన్నాడు. ఆయనది గౌట్, యూరిక్ యాసిడ్ స్ఫటికాల వాపు. ఆ గోలీ యాంటీబయాటిక్, అది వేసుకున్నా వేసుకోకపోయినా ఆయన వాపు వారం పది రోజుల్లో తగ్గేదే. ఆ పేరూ మీ ఖాతాలోనే పడింది. అందరినీ గుమ్మం దగ్గరే ఆపుతున్నా, చుట్టాల్లో నాకు పొగరని పేరొచ్చింది.

నిన్న రాత్రి దుప్పటి మారుస్తుంటే అమ్మ దిండు కింద ఒక స్ట్రిప్ దొరికింది. నాలుగు గోలీలు మిగిలి ఉన్నాయి, ఒక అంచు కత్తెరతో వంకరగా కోసి ఉంది. నేను తెచ్చిందే, మొదటిది. ఎందుకు దాచావమ్మా అంటే, “పారేస్తే పైసలు బొక్క గదా కొడుకా, మళ్ల అవసరమైతే ఉంటయని పెట్టిన” అంది. వేసుకోలేదు కదా అని అడిగా. ఒట్టేసింది. వేసుకోలేదనే నమ్ముతున్నా. స్ట్రిప్ ఇప్పుడు నా టేబుల్ మీద, ఈ కాగితం పక్కనే ఉంది.

ఇంకా ఐదు రోజులుంది. ఆరో రోజు పొద్దున నీళ్లు తీస్తారు, బాటిళ్లు నేనే తీసుకెళ్తా, ఊదా ట్యూబు కూడా జేబులో పెట్టుకుంటా. అప్పటిదాకా మా వీధి మొగదల కూడా కనబడకండి. ఆ తర్వాత సర్జన్ గారు క్రిమి పేరు రాసిన చీటీతో కబురు పెడితే రండి, కుర్చీ వేస్తా, టీ పోస్తా, ఆరు వారాలు ఉండి పొండి.

ఇట్లు,
మీకు మొదటిసారి తలుపు తీసినవాడు