పదకొండో రోజు తర్వాత ఆ పిల్లల సంగతేంటి?

తెలంగాణలో రైతు చనిపోతే రైతుబీమా 5 లక్షలు. గీత కార్మికుడు తాటిచెట్టు మీంచి పడి ప్రాణం పోతే ఎక్స్‌గ్రేషియా. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికైతే 2015 నాటి జీవో ప్రకారం 6 లక్షలు, అదీ రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులు కూర్చుని అది రైతు ఆత్మహత్యేనని తేల్చాక. నల్లగొండ, పాలమూరు పాఠకులకు ఇవేవీ కొత్త కాదు. ఎమ్మెల్యే చేతుల మీదుగా చెక్కు అందుకుంటున్న తల్లి, ఆమె కొంగు పట్టుకున్న ఇద్దరు పిల్లలు ఉన్న ఫొటో జిల్లా పేజీల్లో చూసి చూసి అలవాటైపోయింది. నా గొడవంతా ఆ ఫొటోలోని పిల్లల గురించే. చెక్కు మీద వాళ్ల పేరుండదు. ఏడాది తర్వాత వాళ్లేం చేస్తున్నారని అడిగే నాథుడూ ఉండడు.

చిన్నతనంలో తల్లో తండ్రో పోతే ఆ దెబ్బ కొన్ని నెలల్లో మానిపోయేది కాదు. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్‌లలో లక్షలాది మంది రికార్డులు పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. 18 ఏళ్లలోపే తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లు తొందరగా చనిపోయే ప్రమాదం మిగతావాళ్లకన్నా 50 శాతం ఎక్కువని, పెద్దయ్యాక కూడా అది వెంటాడుతూనే ఉందని తేలింది. చదువూ వైద్యమూ ప్రభుత్వమే చూసుకునే దేశాల్లోనే ఇది పరిస్థితి. మర్రిగూడలోనో మద్దూరులోనో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అంతకన్నా నన్ను ఆలోచనలో పడేసింది హార్వర్డ్ పరిశోధకులు బోస్టన్ ప్రాంతంలో చేసిన పని. తల్లో తండ్రో పోయిన 70 కుటుంబాల్లోని 125 మంది పిల్లల్ని రెండేళ్ల పాటు గమనించారు. కొంతమంది పిల్లల్లో ఇబ్బందులు మొదటి ఏడాది కన్నా రెండో ఏడాదే ఎక్కువగా కనిపించాయి. పిల్లవాడు ఎలా తేరుకుంటాడన్నది అన్నిటికన్నా ఎక్కువగా మిగిలిన తల్లో తండ్రో ఎలా ఉన్నారన్న దాన్ని బట్టే ఉంది.

మన ఊళ్లలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. బంధువులంతా పదకొండో రోజు దాకా ఉంటారు. ఆ రోజు భోజనాలు కాగానే ఎవరి పొలం వాళ్లకు, ఎవరి బస్సు వాళ్లకు. ఆ పదకొండు రోజుల్లో ఎవరో ఒక మేనమామ పదేళ్ల పిల్లగాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, 'ఏడ్వకు బిడ్డా, ఇగ నువ్వే ఇంటికి పెద్దదిక్కు, అమ్మను నువ్వే చూసుకోవాలె' అంటాడు. ప్రేమతోనే అంటాడు. పిల్లవాడు మాత్రం దాన్ని అక్షరాలా నమ్ముతాడు. తల్లి ముందు ఏడవడు. తల్లి కూడా వాడు చూస్తుండగా ఏడవదు. ఒకే గదిలో పడుకుని ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా దుఃఖం దిగమింగుతారు. బడిలో సార్లు 'వాడు బాగా నెమ్మదైపోయిండు' అని మెచ్చుకుంటారు కూడా. రెండో ఏడు వచ్చేసరికి ఆ నెమ్మదితనమే బడి ఎగ్గొట్టడంగానో, చీటికీ మాటికీ కోపంగానో బయటపడుతుంది. అప్పటికి ఆ మేనమామ ఫోన్ చేయడం కూడా మానేసి ఉంటాడు.

తండ్రి పోయిన పిల్లలకు తల్లి కూడా సగం దూరమవుతుందన్నదే నేను చెప్పదలుచుకున్నది. పోయినవాణ్ని ఎవరూ తిరిగి తేలేరు. ఉన్న తల్లి చేజారకుండా చూడటం మాత్రం మన చేతుల్లో పనే.

ఆమె ఎలా చేజారుతుందో చూడండి. దసరా దాటితే పత్తి ఏరే కాలం. పొద్దున్నే ఆటోలో కిక్కిరిసి పోతే మళ్లీ ఇంటికొచ్చేది దీపాలు పెట్టే వేళకే. నారాయణపేట వైపు నుంచి వలసపోయే కుటుంబమైతే, మొగుడు కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు మొగుడితో పాటు పోదు. పెళ్లాం తీర్చాల్సిందే. గద్వాల వైపు విత్తనాల కోసం పండించే సీడ్ పత్తి చేలకు వెళ్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడి పనిని క్రాసింగ్ అంటారు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట ఒలిచి కేసరాలు తీసేయాలి, పొద్దున్నే మగపువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దాలి. చెట్టు చెట్టుకూ, మొగ్గ మొగ్గకూ, వారాల తరబడి ఇదే పని. చేసేది వానాకాలం పంటకు, అంటే బడులు నడిచే నెలల్లోనే. చిన్న వేళ్లు చురుగ్గా ఆడతాయని, కూలి తక్కువని ఆడపిల్లల్ని పెట్టుకుంటారు. అలాంటి చేనుకు ముందుగా వెళ్లేది ఎవరి పిల్ల? ఇంట్లో మగదిక్కు పోయి, విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్ దగ్గర బాకీ మిగిలిన ఇంటి పిల్లే. ఈ పిల్ల ముప్పై ఏళ్లకు నడుంనొప్పితో ఏ ఆర్‌ఎంపీ దగ్గరకో వెళ్తే, దాని మూలం తండ్రి చావులో ఉందని ఎవరికి తట్టాలి?

తండ్రి లేకుండా పెరిగి కలెక్టర్లయినవాళ్లు లేరా, కష్టమే మనిషిని రాటుదేలుస్తుంది, మనది ఉమ్మడి సంసారాల సంస్కృతి, బాబాయిలూ అమ్మమ్మలూ ఉండనే ఉన్నారు అంటారు కొందరు. ఉన్నారు, కాదనను. చాలామంది పిల్లలు నిలదొక్కుకుంటారన్నదీ నిజమే. కానీ సన్మాన సభల్లో మాట్లాడేది నెగ్గినవాళ్లే కదా. ఇంటర్ మానేసి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయినవాణ్ని ఏ సభకూ పిలవరు.

ప్రభుత్వం చేతిలో పథకం లేకపోలేదు. కేంద్రం మిషన్ వాత్సల్య కింద ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 ఇవ్వొచ్చు, తల్లి దగ్గరే ఉంచి. చాలా మంచి ఆలోచన. కాకపోతే పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. రోజుకు 300 కూలి అనుకుంటే 240 రోజులు పనికిపోయిన తల్లి సరిగ్గా ఆ గీత దగ్గరకు వస్తుంది. ఇంకో నాలుగు రోజులు పత్తి ఏరితే ఆమె పిల్లలు అర్హులు కారు! ఒళ్లు దాచుకోకుండా పనిచేసినందుకు శిక్ష వేసే ఈ లెక్క ఢిల్లీలో ఎవరు వేశారో గానీ, కూలికి పోయిన మనిషి మాత్రం వేసి ఉండడు. గురుకులంలో సీటుంది కదా అంటారు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులాల మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. కానీ తండ్రి పోయిన మూడో నెలలోనే పిల్లవాణ్ని పెట్టె సర్ది హాస్టల్‌కు పంపడం అంటే మిగిలిన తల్లిని కూడా మనమే లాగేసుకోవడం కాదా?

అసలు ముడి పాసుబుక్కు దగ్గరుంది. ఈ మాట నేను ఎక్కడ దొరికితే అక్కడ అంటూనే ఉంటాను, మళ్లీ అంటాను. 2018లో వచ్చిన రైతుబీమా పట్టాదారుకే, అదీ 18 నుంచి 59 ఏళ్ల లోపు ఉంటేనే. కౌలు రైతు పోతే ఆ పిల్లలకు ఆ 5 లక్షలూ లేవు. భూమి ఇంకా తాత పేరు మీదే ఉంటే కూడా లేవు. అప్పుడు విరాసత్ కోసం, అంటే వారసులుగా భూమి తమ పేరు మీదికి మార్పించుకోవడం కోసం, తల్లి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి, మరుదులు సంతకం పెట్టకపోతే వాళ్ల ఇళ్ల చుట్టూ తిరగాలి. ఆ తిరిగిన రోజులన్నీ పిల్లలకు తల్లి లేని రోజులే. ఇక పోయింది తల్లి అయితే? మొగుడి పొలంలో జీవితమంతా నాట్లు వేసి కలుపు తీసినా, ఆమె పేరు పాసుబుక్కులో లేదు కాబట్టి రైతుబీమా లెక్కలో ఆమె రైతే కాదు. తల్లి పోయిన ఇంట్లో పన్నెండేళ్ల పెద్దపిల్ల పొయ్యి దగ్గరకు చేరుతుంది. అది చెక్కుకు కూడా నోచుకోని చావు.

ఇందిరమ్మ ఇల్లు ఆడవాళ్ల పేరు మీద ఇస్తున్నప్పుడు పొలం పట్టాలో ఆలుమగలిద్దరి పేర్లూ ఎందుకుండకూడదు? భార్య పేరు చేర్పించుకునే రైతుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేయండి. మొగుడు పోయిన నాడు ఆమె ఎవరి సంతకం కోసమూ కాళ్లరిగేలా తిరగదు. ఆమే పోతే పిల్లలకూ బీమా అందుతుంది.

ఏటా ఆగస్టు వస్తే ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) రైతుబీమా ఫారాలు పట్టుకుని ఊళ్లకు వస్తారు. నామినీ పేరు రాసే గడి కింద పిల్లల పేర్లు, వయసు, చదివే బడి రాసేందుకు ఇంకో నాలుగు గీతలు కొట్టమనండి. రేపు ఆ ఇంట్లో చావు జరిగితే వ్యవసాయ శాఖ నుంచి ఆ కాగితం నకలు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికీ, ఆ బడి హెడ్‌మాస్టరుకీ పోవాలి. రెండో ఏడాది ఒకసారి వాళ్లు ఆ ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడి రావాలి. దీనికి రిబ్బన్ కత్తిరింపు ఉండదు, ఫొటో ఉండదు. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం అదేనని నా అనుమానం.