చివరి మాటను మధ్యకు జరిపితే ఇంగ్లీషు వాక్యం అయిపోదు

మళ్ళీ అదే మెసేజ్. "ప్రైమరీ పిల్లలకు 30 రోజుల్లో ఇంగ్లీషు వాక్య నిర్మాణం, 7 సూత్రాలు" అంటూ ఒకరి తర్వాత ఒకరు పంపుతూనే ఉన్నారు. పంపేవాళ్ళలో టీచర్లు కూడా ఉన్నారు, అందుకే చూసీ చూడనట్టు ఊరుకోబుద్ధి కావడం లేదు. అందులో చెప్పేది ఇదీ: తెలుగు వాక్యం చివరనున్న క్రియను మధ్యకు తెస్తే ఇంగ్లీషు వాక్యం అవుతుంది, పన్నెండు టెన్సుల పట్టిక ముందే కంఠతా రావాలి, వాక్యం ముందు డు, డజ్, డిడ్ తగిలిస్తే ప్రశ్న, తప్పు దొర్లిన క్షణమే ఆపి సరిదిద్దాలి, రోజుకు పది కొత్త పదాలు, రోజుకో ఇంగ్లీషు వాక్యం బట్టీ, ఇంట్లో తెలుగు పూర్తిగా బంద్.

పది పదాల సంగతి ఒక్క మాటలో తేల్చేయొచ్చు. యాపిల్, టేబుల్, ఎలిఫెంట్ అంటూ పేర్లే పోగేస్తే వాక్యం పుట్టదు. వారానికి నాలుగు క్రియలు, వాటితో పొసిగే ఏడెనిమిది పేర్లు, అన్నీ వాక్యాల్లో పెట్టి వాడిస్తే చాలు.

మొదటి సూత్రం దగ్గర మాత్రం ఆగాలి. వినగానే నిజమే కదా అనిపిస్తుంది, అదే దానితో ప్రమాదం. "నేను పుస్తకం చదువుతాను"లో చివరి మాటను మధ్యకు తెస్తే "ఐ రీడ్ ఎ బుక్" వచ్చిందట. కుదిరే ఉదాహరణ ఏరుకున్నారు, కుదిరింది. అందులో కూడా ఆ "ఎ" ఎక్కడి నుంచి ఊడిపడిందో చెప్పలేదు. ఇప్పుడు రెండో తరగతి పిల్ల రోజూ అనే మాటలు తీసుకోండి. "ఇది నా పెన్సిల్." ఇందులో జరపడానికి క్రియే లేదు. సూత్రం నమ్మిన పిల్ల "దిస్ మై పెన్సిల్" అని రాస్తుంది. "వాన పడుతోంది." ఇంగ్లీషు ఇక్కడ తెలుగులో లేని "ఇట్"ను తెచ్చి కర్త కుర్చీలో కూర్చోబెడుతుంది. "తిన్నాను." ఎవరు తిన్నారో మన క్రియ తోకే చెప్పేస్తుంది, "నేను" అననక్కర్లేదు. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు కాబట్టి "ఐ" అని తీరాలి. "వెంట్ టు స్కూల్" అంటూ కర్త లేకుండా రాసే పిల్లలు బద్ధకంతో రాయడం లేదు, తెలుగు పద్ధతిలో రాస్తున్నారు. "పుస్తకం బల్ల మీద ఉంది"లో "మీద" బల్లకు వెనక వస్తుంది, "ఆన్" ముందు వస్తుంది. క్రియను ఒక్కదాన్నే జరిపితే "ద బుక్ ఈజ్ టేబుల్ ఆన్" అవుతుంది.

అసలు దెబ్బ "నాకు" దగ్గర. నాకు పాలు ఇష్టం. నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు. నాకు ఆకలిగా ఉంది. నాకు ఈత వచ్చు. తెలుగులో నాలుగూ "నాకు"తోనే మొదలవుతాయి. ఇంగ్లీషులో వరసగా ఐ లైక్ మిల్క్, ఐ హ్యావ్ టూ సిస్టర్స్, ఐ యామ్ హంగ్రీ, ఐ కెన్ స్విమ్. మూడు వేర్వేరు కట్టుబడులు, అంటే వాక్యం అల్లే తీర్లు; నాలుగింటిలోనూ "నాకు" కాస్తా "నేను" అయింది. ఏ మాటను ఎటు జరిపినా ఇవి రావు. సూత్రం పట్టుకున్న పిల్లాడు "టు మి ఈజ్ హంగ్రీ" అంటాడు. ఎర్ర ఇంకుతో కొట్టేస్తాం. వాడు మనం చెప్పింది చెప్పినట్టే చేశాడు!

రెండు భాషల్లో మాటల వరస వేరని ఒకసారి పక్కపక్కన రాసి చూపించండి, మంచిదే. ఆ పోలిక రెండు నిమిషాల పని. వాక్యాలు తయారయ్యేది మాత్రం ఒకే కట్టుబడిని మాటలు మార్చి మార్చి పలకడం వల్ల. ఇది కొత్త సంగతి కూడా కాదు. హెరాల్డ్ పామర్ అనే భాషా బోధకుడు గళ్ళలో మాటలు మార్చుకునే వంద పట్టికలను 1916లోనే అచ్చు వేశాడు.

ప్రైమరీలో దాన్ని ఇలా చేయించొచ్చు. మూడు రంగుల అట్టముక్కలు, రంగుకు నాలుగు. మొదటి రంగు మీద ఐ, యు, వి, దే. రెండో దాని మీద సీ, వాంట్, హ్యావ్, నీడ్. మూడో దాని మీద ఎ బాల్, ఎ బ్యాగ్, ఎ పెన్సిల్, ఎ చెయిర్. పన్నెండు ముక్కలతో 64 వాక్యాలు, ఒక్కటీ తప్పు రాదు. "హి", "షి" మొదటి వారం పెట్టకండి, పెడితే "వాంట్స్", "హ్యాజ్" వచ్చి వరస మీద ఉండాల్సిన దృష్టి చెదిరిపోతుంది. "ఎ"ను విడి ముక్కగా కత్తిరించకండి. "ఎ బాల్" ఒకే ముక్కగా చేతికొస్తే పిల్లల నోట్లోనూ అలాగే నిలుస్తుంది, విడిగా ఇస్తే మొదట జారిపోయేది అదే. వరస కుదురుకున్నాక నాలుగో రంగు, చోటు చెప్పేది: ఆన్ ద టేబుల్, ఇన్ ద బాక్స్. అది చివర పెట్టాలి. మనం "బల్ల మీద బంతి చూశాను" అని చోటును ముందు చెబుతాం కాబట్టి పిల్లలు దాన్ని మధ్యలో ఇరికిస్తారు. ఇక్కడ ఓపికగా రెండు మూడు రోజులు ఎక్కువ తీసుకోండి.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. పిల్లలు రంగులు చూసి వరస పెట్టేస్తారు, అర్థం మీద దృష్టి ఉండదు. అందుకే పెట్టిన ప్రతి వాక్యాన్నీ పైకి అనాలి, అన్నదాన్ని బొమ్మ గీసో, చేసి చూపించో నిరూపించాలి. తర్వాత ముక్కలు బోర్లించి, చూడకుండా చెప్పించాలి. ఈ చివరి మెట్టు ఎగ్గొడితే మిగిలేది అట్టముక్కల ఆటే.

ఇక ప్రశ్నలు. డు, డజ్, డిడ్ తగిలిస్తే చాలన్నారు. తగిలించి చూడండి: "డజ్ షి ఈజ్ ఎ టీచర్?", "డిడ్ హి వెంట్?" నాలుగో తరగతి నోటుపుస్తకం ఏది తెరిచినా ఇవే కనిపిస్తాయి. వరసలో నేర్పితే ఈ గొడవ ఉండదు. ముందు "ఈజ్", "ఆర్" వాక్యాలు. ఇద్దరు పిల్లలు "షి", "ఈజ్" అట్టలు పట్టుకుని నిలబడతారు, ప్రశ్న అనగానే చోట్లు మార్చుకుంటారు. తర్వాత "కెన్", అదే ఆట. ఈ రెండూ నోటికొచ్చేదాకా "డు" ఊసెత్తొద్దు. "డు" దగ్గరకు వచ్చాక "హి ప్లేస్" అని రాసిన అట్టలో చివరి "ఎస్" విడిగా ఊడొచ్చేలా చేసుకోండి. "డు" అట్ట ముందుకు రాగానే ఆ "ఎస్" అక్కడ ఊడి దాని చివర చేరుతుంది, "డజ్ హి ప్లే?" అవుతుంది. "ప్లేడ్" చివరి "ఈడీ" కూడా అంతే, అది ఊడితే "డిడ్ హి ప్లే?" గుర్తు ఒక్కటే, అది రెండు చోట్ల ఉండదు. ఇది కళ్ళారా చూసిన పిల్లాడికి "డిడ్ హి వెంట్" ఎందుకు తప్పో వేరే చెప్పనక్కర్లేదు.

పన్నెండు టెన్సుల పట్టిక గురించి మర్యాదగా రాయడం కష్టంగా ఉంది. "ఐ షల్ హ్యావ్ బీన్ రైటింగ్" అనే వాక్యాన్ని ఎనిమిదేళ్ళ బిడ్డ ఏ రోజున, ఎవరితో, ఏ పని మీద అంటుంది? ఎవరైనా చెప్పండి. ఆ బిడ్డకు కావాల్సింది ఆరు: ఈజ్, ఆర్‌తో ఉన్న సంగతి చెప్పడం; ఐఎన్‌జీతో ఇప్పుడు జరుగుతున్నది; రోజూ చేసేది; అయిపోయింది; రేపటికి "విల్"; చేతనైనదానికి "కెన్". ఇందులోనూ ఒక చిక్కుంది, పట్టిక దాన్ని పట్టించుకోదు. "రోజూ వస్తాను", "రేపు వస్తాను" రెండింటికీ మనకు ఒకటే రూపం. అందుకని పిల్లలు రోజూ చేసే పనికి కూడా "ఐ విల్ కమ్ ఎవ్రీ డే" అంటారు. "ఎవ్రీ డే", "టుమారో" అనే మాటలను వాక్యంతో పాటే అంటగట్టి నేర్పితే ఇది సర్దుకుంటుంది. పట్టికను తిప్పి తిప్పి చదివిన బిడ్డ గడి పేరు చెప్పగలదు, ఆ గడితో వాక్యం చెప్పలేదు.

తప్పు దొర్లిన క్షణమే ఆపాలన్న సూత్రం సగం చోట్ల పనికొస్తుంది. అట్టలతో ఒకే కట్టుబడి సాధన చేస్తున్నప్పుడు వెంటనే దిద్దాల్సిందే. బిడ్డ తనకు తానుగా ఏదో చెప్పబోతున్నప్పుడు ఆపితే మాత్రం రెండో వాక్యం రాదు. "ఎస్టర్‌డే ఐ గో పార్క్" అన్నాడనుకోండి, "ఓ, యు వెంట్ టు ద పార్క్? హూ డిడ్ యు సీ?" అనండి. "వెంట్ టు" దగ్గర కాస్త ఒత్తి పలకండి, లేకపోతే పిల్లలకు తేడా వినపడదు. సంభాషణ అయ్యాక అదే మాట ఇంకోసారి చెప్పే అవకాశం ఇవ్వండి. రాతలో ఆ వారం నేర్పినదాన్నే దిద్దండి, మిగతావి వదిలేయండి. "షి రన్" అని "ఎస్" వదిలేసే తప్పు మీద పిల్లలను కొట్టడం, పదిసార్లు రాయించడం దయచేసి ఆపండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లల్లోనే ఐఎన్‌జీ ముందు కుదురుతుందనీ, ఈ "ఎస్" చాలా ఆలస్యంగా వస్తుందనీ రోజర్ బ్రౌన్ అనే మనస్తత్వవేత్త 1973లో చూపించాడు. నిన్నటిదాకా "వెంట్" అన్న బిడ్డ ఇవాళ "గో"కు "ఈడీ" తగిలించి "గోడ్" అంటే అది వెనకబడటం కాదు, "ఈడీ" సూత్రం సొంతంగా పట్టుకుంది.

ఒకటి ఒప్పుకోవాలి. రోజుకో వాక్యం బట్టీ పట్టించమన్న ఆరో సూత్రం ఈ మెసేజ్ మొత్తంలో పనికొచ్చేది. బట్టీ అనగానే చిన్నచూపు చూసేవాళ్ళు ఈ మాటకు నొచ్చుకోవచ్చు. కానీ ఈ వయసులో వాక్యం ముక్కలుగా కాక మొత్తంగానే నోటికొస్తుంది, నియమం తర్వాత దాని లోంచి తేలుతుంది. కాకపోతే మెసేజ్‌లో ఉదాహరణగా ఇచ్చిన "హానెస్టీ ఈజ్ ద బెస్ట్ పాలసీ" లాంటివి వద్దు, అందులో ఏ మాట మార్చినా బిడ్డకు ఉపయోగం లేదు. "కెన్ ఐ హ్యావ్ ద స్కేల్?" నేర్పండి. రేపు స్కేల్ తీసి ఎరేజర్ పెట్టుకుంటుంది, ఎల్లుండి "కెన్ ఐ హ్యావ్" తీసి "వేర్ ఈజ్" పెట్టుకుంటుంది.

ఇంట్లో తెలుగు బంద్ అన్నదాన్ని మాత్రం ఎవరూ పాటించకూడదు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన తల్లి తెలుగు మానేస్తే ఆ ఇంట్లో ఏం మిగులుతుందో ఆలోచించారా? కమ్, ఈట్, సిట్, హోంవర్క్, స్లీప్. ఆజ్ఞలు మిగులుతాయి, కబుర్లు పోతాయి. ఎందుకు అలా జరిగింది, అలా చేయకపోతే ఏమయ్యేది, ముందేం జరిగి తర్వాతేం జరిగింది, ఇవన్నీ బిడ్డకు అమ్మతో, తాతతో, నాయనమ్మతో మాట్లాడే మాటల్లోనే అలవడతాయి. అవి తెలుగులో కుదరని బిడ్డ ఇంగ్లీషులో "బికాజ్" తర్వాత ఏం చెప్పాలో తెలియక ఆగిపోతుంది. అక్కడ లోటు ఇంగ్లీషుది కాదు, చెప్పాల్సిన సంగతి అల్లుకునే అలవాటుది. మొదటి భాషలో గట్టిపడిన చదువు రెండో భాషకు అందివస్తుందని జిమ్ కమిన్స్ అనే భాషా విద్యా పరిశోధకుడు 1979లోనే వివరించాడు. చదువు మాతృభాషలో మొదలవడమే మేలని యునెస్కో 1953లో చెప్పింది. నాయనమ్మతో మాట్లాడే భాషను పిల్లల నోట్లోంచి లాగేసుకోమని ఇన్నేళ్ళ తర్వాత ఒక ఫార్వర్డు చెబితే, చదివినవాళ్ళు కూడా పదిమందికి పంపుతున్నారు.

ఇంట్లో చేయాల్సింది ఇంకొకటుంది, దానికి తల్లికి ఇంగ్లీషు రానక్కర్లేదు. బడిలో చదివిన ఇంగ్లీషు కథను బిడ్డ చేత తెలుగులో చెప్పించుకోండి. మధ్యలో "ఎవరు?", "ఎక్కడ?", "ఎందుకు?" అని అడగండి. తడబడితే పుస్తకంలో బొమ్మ చూపించి అక్కడి నుంచి అందుకోమనండి. కథంతా చెప్పాక, అందులో ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషులో ఎలా ఉందో చూసి చదవమనండి. పదిహేను నిమిషాలు చాలు.