బరువు తగ్గితే బీమా ఆపేస్తారా?

చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో ఊబకాయ చికిత్స ఇప్పటికీ మినహాయింపుల జాబితాలోనే ఉంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని జబ్బుగా గుర్తించింది 2013లో. 2022 నాటికి ప్రపంచంలో ఊబకాయుల సంఖ్య వంద కోట్లు దాటింది. ఇన్సులిన్‌కూ స్టెంట్‌కూ డబ్బు కట్టే బీమా, ఆ రెండింటి దాకా తెచ్చే జబ్బుకు మాత్రం కట్టనంటోంది. ఈ చికిత్సను ప్రతి పాలసీలో తప్పనిసరి చేయాలని మేం కోరుతున్నాం. అయితే అరకొరగా చేస్తే డబ్బూ పోతుంది, జబ్బూ ఉంటుంది.

బరువు తగ్గించే మందు సెమాగ్లుటైడ్ సంగతే చూడండి. వారానికో ఇంజెక్షన్. 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు 0.5, 1, 1.7 చొప్పున పెంచుతూ 2.4కు చేరేసరికి 16 వారాలు పడుతుంది. వికారం, వాంతులు ముదరకుండా ఉండేందుకే ఇన్ని మెట్లు. బీమా అనుమతి ఆలస్యమై వరసగా కొన్ని డోసులు తప్పితే, కొందరు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వస్తుంది. 2021లో వెలువడిన పరీక్షలో ఈ మందు వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. మందు ఆపాక ఏడాదికల్లా తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అలాంటప్పుడు 'బీఎంఐ (ఎత్తును బట్టి బరువు కొలత) 30 కంటే తగ్గింది కాబట్టి ఇక అర్హత లేదు' అనడం, బీపీ అదుపులోకి వచ్చిందని మాత్ర లాగేసుకోవడమే.

బరువు తగ్గించే సర్జరీలోనూ ఇదే తంతు. ఆపరేషన్ బిల్లు కట్టి ఊరుకుంటే సరిపోదు. పేగు దారి మళ్లించాక బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. అవి ఆగితే రక్తహీనత వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, బీ12 మరీ పడిపోతే నరాలు దెబ్బతింటాయి. అర్హత కొలతలూ పాతబడ్డాయి. బీఎంఐ 40, వేరే జబ్బులుంటే 35 అన్నది 1991 నాటి లెక్క. 35 ఉంటే చాలని, ఆసియా జాతులవారికి 27.5 నుంచే సర్జరీ అందుబాటులో ఉంచాలని సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు 2022లోనే చెప్పాయి.

కంపెనీల ఇష్టానికి వదిలితే? ముందుకొచ్చిన ఒక్క కంపెనీ దగ్గరికే రోగులంతా చేరతారు, ప్రీమియం పెరుగుతుంది, ఆరోగ్యవంతులు తప్పుకుంటారు. పైగా ఈ రోజు పెట్టిన ఖర్చు ఫలితం ఎన్నో ఏళ్లకు గానీ కనిపించదు. అప్పటికి ఆ సభ్యుడు వేరే కంపెనీలో ఉంటాడు. అందుకే నిబంధన అందరికీ ఒక్కసారే రావాలి.

ఖరీదైన మందులే, ప్రీమియం మీద భారం పడుతుంది, కాదనం. ధర కోసం బీమా కంపెనీల తరఫున నియంత్రణ సంస్థే ఉమ్మడిగా బేరమాడాలి. గుండెజబ్బు ఉన్నవారితో మొదలుపెట్టాలి. మధుమేహం లేకున్నా గుండెజబ్బున్న 17,604 మందిపై జరిగిన సెమాగ్లుటైడ్ పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. పూర్తి డోసు మీద ఆరు నెలలున్నా 5 శాతమైనా బరువు తగ్గనివారికి ఆ మందు ఆపి వేరే చికిత్స ఇవ్వడం న్యాయమే. తగ్గినవారికి మాత్రం రెన్యువల్ ఫారంలో చికిత్స మొదలైన రోజు బీఎంఐనే అర్హతగా చూడాలి. ఆ ఒక్క వాక్యం నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉండాలి.